బెంగ, అలక, మారాం: శిశుపోషణ సలహాలపై ఒక విమర్శ

పసిపిల్లలను ఎట్లా పెంచాలి అన్న విషయంలో మన సింగపూరులో సలహాలకు కొదువ లేదు. ఆసుపత్రిలో చేతికిచ్చే కరపత్రాలు, పుస్తకాల దుకాణంలో ఒక అలమారు నిండా ఇంగ్లీషు పుస్తకాలు, ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చే పత్రికలలో శిశుసంరక్షణ శీర్షికలు, అన్నీ ఉన్నవి. వాటి సారాంశం ఇంచుమించు ఒక్కటే. బిడ్డ ఏడిస్తే పలకండి. కొట్టకండి, బెదిరించకండి. బిడ్డ మనసులో కలిగిన బాధకు పేరు పెట్టి చెప్పండి. పుట్టిన నాటి నుంచి బిడ్డతో మాట్లాడండి, పాడండి. ఈ పద్ధతికి ఇప్పుడు ‘మృదువైన పెంపకం’ అని పేరు పెట్టారు.

ఈ సలహాలతో మనకు తగాదా లేదు. అవి మంచివే. అయితే సలహా కూడా ఒక రచనే గనుక, కథనూ కావ్యాన్నీ పరిశీలించినట్లే దానినీ పరిశీలించవచ్చు. ఎవరిని ఉద్దేశించి రాశారు? ఏ మాటలతో రాశారు? ఎవరిని వదిలివేశారు? మలయా తోటలలో రబ్బరు చెట్లు గీసి పాలు తీసినవారి మనుమలకు, మునిమనుమలకు ఈ మూడు ప్రశ్నలు ఊరకనే వేసుకునే ప్రశ్నలు కావు. మన పిల్లలకు తెలుగు బడిలో దొరకదు. మూడేళ్ళ లోపు ఇంట్లో దొరికినదే వారికి దొరికిన తెలుగు. అందుచేత పసిపిల్లల పెంపకం గురించి మాట్లాడడమంటే మన భాష గురించి మాట్లాడడమే అవుతున్నది.

చలం చేసిన మేలు, చూడని తల్లి

తెలుగులో ఈ విషయం మీద ఎవరికీ భయపడకుండా మొట్టమొదట గట్టిగా రాసినవారిలో గుడిపాటి వెంకటచలం ఒకరు. 1894లో పుట్టి 1979లో అరుణాచలంలో కన్నుమూసిన చలాన్ని చాలామంది ‘మైదానం’ రాసినవాడుగానే ఎరుగుదురు. కాని ఆయన ఉపాధ్యాయుడుగా, బడుల ఇన్‌స్పెక్టరుగా ఎందరో పిల్లలను దగ్గరగా చూసినవాడు. ఆయన ‘బిడ్డల శిక్షణ’ అనే పుస్తకం స్త్రీల గురించి రాసిన పుస్తకాలంత పేరు పొందలేదు గాని, వాటికంటే తక్కువ సాహసం గలది కాదు. బిడ్డలు తల్లిదండ్రుల ఆస్తి కారు, కొట్టడమూ భయపెట్టడమూ శిక్షణ కాదు, బిడ్డకు స్వేచ్ఛా ప్రేమా కావాలి అన్నది ఆయన వాదన. నేడు పాశ్చాత్య దేశాల నుంచి కొత్త సరుకుగా వస్తున్న మాటలలో సగం మన ఇంటి అటక మీద ఎప్పటి నుంచో ఉన్నవే.

చలం గొప్పతనం ఆయన పక్షం వహించడంలో ఉన్నది. పెద్దవాడికీ బిడ్డకూ తగవు వచ్చినప్పుడు ఆయన బిడ్డ పక్కన నిలబడి మాట్లాడుతాడు. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెతను బెత్తానికి బదులు వాడుకునే సమాజంలో అది చిన్న పని కాదు. ఆ సామెతను నిదానంగా చదివితే అందులో కొట్టమని ఎక్కడా లేదు. మొక్కను కొట్టి వంచేవాడు తోటమాలి కాడు. మొక్కకు కర్ర పాతి, మెత్తని నారతో వదులుగా కట్టేవాడు తోటమాలి.

అయితే చలం పుస్తకంలో తల్లిదండ్రులు బోనులో నిలబడిన ముద్దాయిలు. తప్పు చేశారన్న తీర్పు వినిపిస్తుంది గాని, ఆ తప్పు ఎక్కడి నుంచి వచ్చిందన్న విచారణ తక్కువ. ఆయన కళ్ళ ముందున్నది ఆంధ్రదేశపు మధ్యతరగతి ఇల్లు. తెల్లవారకముందే పెరట్టుకు వెళ్ళి నిలబడి, బిడ్డను ఆయా చేతిలో పెట్టి, చెట్లు గీయడానికి వెళ్ళిన తల్లి ఆయన ఊహలోకి రాలేదు. ఆమెకు ‘బిడ్డ ఏడిస్తే వెంటనే పలుకు’ అని చెప్పడం ఎట్లా? బిడ్డ ఏడ్చినప్పుడు ఆమె అడవిలాంటి తోటలో ఎక్కడో చెట్ల వరుసల మధ్య ఉన్నది.

తోటలో ఇంకొక సంగతి కూడా ఉన్నది. అక్కడ దొర మాట, కిరాణీ మాట, కంగాణీ మాట ఎదురులేనివి. ‘ఎదురు చెప్పకు, నోరు మూసుకో’ అన్నది అక్కడ బ్రతకడానికి నేర్చుకోవలసిన మొదటి పాఠం. పగలంతా ఆ పాఠాన్ని పాటించి సాయంత్రం ఇంటికి వచ్చిన మనిషి అదే పాఠాన్ని బిడ్డకు నేర్పాడు. క్రూరత్వం చేతనే నేర్పాడనుకోవడం అన్యాయం. ఆ లోకంలో బిడ్డ బాగుపడాలంటే అదే మార్గమని నమ్మి నేర్పాడు. మలయాకు ఒప్పందపు కూలీల రాక 1910లో ఆగిపోయింది. కంగాణీల ద్వారా కూలీలను చేర్చుకోవడం 1938లో భారత ప్రభుత్వ నిషేధంతో ముగిసింది. కాని ఆ గదమాయింపు తోట వదిలి మన అపార్టుమెంటు ఇళ్ళలోకి కూడా వచ్చి కూర్చున్నది. దాని పుట్టుక తెలిస్తే దానిని మానుకోవడం తేలిక అవుతుంది. ఈ పని చలం చేయలేదు. నేటి ఇంగ్లీషు పుస్తకాలూ చేయవు. మనమే చేసుకోవాలి.

మాటలు లెక్కపెట్టిన పండితులు

నేటి సలహాల వెనుక శాస్త్రం ఉన్నదని చెబుతారు. ఉన్నమాట నిజమే. కాని శాస్త్రాన్ని కూడా చదవవలసిన తీరున చదవాలి.

1995లో అమెరికాలో బెట్టీ హార్ట్, టాడ్ రిస్లీ అనే ఇద్దరు పరిశోధకులు 42 కుటుంబాలను గమనించి ఒక పుస్తకం రాశారు. బీదల పిల్లలు నాలుగేళ్ళు వచ్చేసరికి, ఉద్యోగస్థుల పిల్లలకంటే 3 కోట్ల మాటలు తక్కువగా వింటారని వారి అంచనా. ఈ సంఖ్య ప్రపంచమంతా తిరిగింది. బీద తల్లులకు మాట్లాడడం నేర్పాలన్న పథకాలు దానినుంచి పుట్టాయి. కాని 2019లో డగ్లస్ స్పెర్రీ, ఆయన సహచరులు మరికొన్ని సమాజాలలో ఇదే విషయాన్ని తిరిగి పరిశీలించారు. బిడ్డను చూసుకునే ఒక్క మనిషి నోటి మాటలే కాక, ఇంట్లో ఉన్న ఇతరుల మాటలు, బిడ్డ చుట్టూ జరిగే సంభాషణలు కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా స్థిరంగా నిలవలేదు. చుట్టుపక్కల మాటల వల్ల బిడ్డకు ఎంత లాభమన్న దాని మీద పండితులలో వాదం ఇంకా ఉన్నది. కాని ఎవరి మాటలను లెక్కపెట్టాలని ముందుగా నిర్ణయించుకున్నామో దానిని బట్టే బీదతల్లి లోపం పెద్దదిగానో చిన్నదిగానో కనబడుతుందన్నది తేలిపోయింది.

మనకు ఇది ముఖ్యం. తోటలోని వరుస ఇళ్ళలో బిడ్డ తల్లి నోటి నుంచి మాత్రమే మాటలు వినలేదు. నాయనమ్మ, పక్కింటి అత్త, ఎదురింటి పెద్దమ్మ, చంకన ఎత్తుకుని తిప్పే ఎనిమిదేళ్ళ అక్క, వీరందరి నోటా విన్నది. మన భాష మూడు నాలుగు తరాలు నిలిచిందంటే బడి వల్ల నిలవలేదు. 1923 నాటి లేబర్ కోడ్ ప్రకారం ఒకే జాతికి చెందిన 7 నుంచి 14 ఏళ్ళ పిల్లలు పదిమంది ఉన్న తోటలో బడి పెట్టాలి. ఆ విధంగా పెట్టిన బడులు చాలా చోట్ల తమిళ బడులే. తెలుగు నిలిచింది ఆ వరుస ఇళ్ళ అరుగుల మీద. శిశుపోషణ పుస్తకాలలో ఆ అరుగుకు చోటు లేదు. అమ్మ, నాన్న, బిడ్డ, ఈ ముగ్గురే వాటిలో కనబడతారు. నేటి మన ఇల్లు కూడా అట్లాగే అయిపోయింది గనుక ఆ లోటు మన కంటబడడం లేదు.

శాస్త్రం చెప్పిన మరి మూడు సంగతులు మాత్రం మనం చెవిన పెట్టవలసినవి. 1978లో ఎడ్వర్డ్ ట్రోనిక్ బృందం ఒక ప్రయోగాన్ని ప్రకటించింది. తల్లి కాసేపు బిడ్డ ఎదుట చలనం లేని ముఖంతో కూర్చుంటే, బిడ్డ నవ్వి, చేతులు ఆడించి ఆమెను మళ్ళీ పలికించాలని చూస్తుంది. ఫలితం లేకపోతే ముఖం తిప్పుకుంటుంది. చేతిఫోనులో మునిగిన మన ముఖాలు బిడ్డకు ఎట్లా కనబడతాయో ఆలోచించుకోవచ్చు. 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ మరొక సంగతి చూపారు. ఇంగ్లీషు ఇళ్ళ బిడ్డలు ఆరు, ఎనిమిది నెలల వయసులో హిందీలోని త, ట ధ్వనుల భేదాన్ని పట్టగలుగుతారు. వినికిడి లేకపోతే సంవత్సరం నిండేసరికి ఆ నేర్పు చాలావరకు సడలిపోతుంది. ఆ త, ట భేదం తెలుగుకూ ప్రాణమే. తరువాత నేర్చుకోలేరని కాదు, శ్రమ ఎక్కువవుతుంది. 2003లో పెట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికన్ బిడ్డలకు 12 విడతలుగా చైనా మాండరిన్ వినిపించింది. ఎదుట మనిషి కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే ఆ ధ్వనులు పట్టుబడ్డాయి. అవే మాటలు టెలివిజనులో చూపితే పట్టుబడలేదు. తెలుగు పాటల వీడియో పెట్టి తెలుగు నేర్పుతున్నామనుకునే వారు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు. ఏడాది లోపు బిడ్డలకు తెర అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన మాట కూడా దీనికి తోడుగా నిలుస్తుంది.

ఎవరికీ అర్థం కాని తెలుగు

ఇక రెండవ ప్రశ్న, ఏ మాటలతో రాశారు అన్నది. ఇక్కడే తెలుగులో వస్తున్న శిశుపోషణ రచనలు ఎక్కువగా తప్పటడుగు వేస్తున్నవి. ‘శిశువు యొక్క భావోద్వేగ నియంత్రణా సామర్థ్యమును పెంపొందించుటకు సానుకూల స్పందన అవసరము’ అనే ధోరణి వాక్యాలు వాటి నిండా ఉంటాయి. ఇంగ్లీషు వాక్యానికి సంస్కృతపు చొక్కా తొడిగితే తెలుగు కాదు. మన ఇళ్ళలో తెలుగు విని పెరిగినవారికి, రాయడం చదవడం అంతగా రానివారికి ఆ వాక్యం ఇంగ్లీషుకంటే దూరం.

బిడ్డ బాధకు పేరు పెట్టమని చెప్పేవారు, ఆ పేర్లు మన దగ్గర ఎన్ని ఉన్నాయో చూడలేదు. కోపం, విచారం, సంతోషం, భయం అని నాలుగు బొమ్మల ముఖాలు వేసి చూపుతారు. మన అమ్మమ్మకు నాలుగు మాటలే తెలుసా? అమ్మ ఊరికి వెళితే బిడ్డ అన్నం మానివేయడం బెంగ. కావలసినది ఇవ్వలేదని కాళ్ళు నేలకేసి కొట్టడం మారాం. నిద్ర వచ్చి ఏమి కావాలో తెలియక పెట్టేది పేచీ. నలుగురూ నవ్వితే ఏమీ చేయలేక కళ్ళనీళ్ళతో వచ్చే కోపం ఉక్రోషం. ఉలిక్కిపడి తల్లిని కరచుకోవడం జడుపు. వీటన్నిటిలోకి అందమైనది అలక. అలక అందరి మీదా రాదు. బుజ్జగిస్తారన్న నమ్మకం ఉన్నవారి మీదనే వస్తుంది. నంది తిమ్మన ‘పారిజాతాపహరణం’లో సత్యభామ అలకను తెలుగు పాఠకులు ఇన్ని వందల ఏళ్ళుగా ఆస్వాదిస్తున్నారంటే, అలకలో ఉన్న ప్రేమ తెలిసిన జాతి గనుకనే. అలిగిన బిడ్డను ‘కోపంగా ఉన్నావు’ అంటే సగమే చెప్పినట్లు. ‘అలిగావా నాన్నా’ అంటే బుజ్జగింపు అప్పుడే మొదలైనట్లు.

పెద్దవారు చేయవలసిన పనికి కూడా మాటలు వేరువేరుగా ఉన్నవి. నిద్రపుచ్చేటప్పుడు లాలిస్తాము. ఏడ్చే బిడ్డను ఊరడిస్తాము. ఏదైనా పోగొట్టుకున్న బిడ్డను ఓదారుస్తాము. మారాం చేసేవాడిని సముదాయిస్తాము. అలిగినవాడిని బుజ్జగిస్తాము. ఇన్ని క్రియలు ఉండగా ‘మృదువైన పెంపకం’ అన్న అనువాద పదం కోసం చేయి చాపవలసిన అవసరం ఏమున్నది?

మన పెద్దలకు బిడ్డ ఎదుగుదలను గమనించే పద్ధతి కూడా ఉన్నది. బోర్లపడితే బొబ్బట్లు, పాకితే పాకుండలు, అడుగు వేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు, పలుకులకు పంచదార చిలకలు పంచే ఆచారం అందరికీ తెలిసినదే. ప్రాంతాన్ని బట్టి వంటకం మారవచ్చు. ఆసుపత్రివారు పట్టికలో రాసుకునే సంగతులను మన ముత్తవ్వలు వంటింట్లో రాసుకున్నారు. అందులో విశేషం ఏమంటే, బిడ్డ మొదటి పలుకు వాడవాడంతా పంచుకోవలసిన శుభవార్త.

మన మూటలో ఉన్న బూచి

అయితే పాతదంతా బంగారమని చెప్పడం విమర్శకు తగదు. లాలిపాట పాడిన నోరే బూచాణ్ణి కూడా పిలిచింది. అన్నం తినకపోతే బూచి, నిద్రపోకపోతే బూచి. ఈ ఊరిలో ఒకప్పుడు బూచికి తోడుగా ‘మాతా’, అనగా మలాయి భాషలో పోలీసు, కూడా వచ్చి పట్టుకుపోయేవాడు. బిడ్డకు ఉక్రోషం వచ్చేదాకా ఆటపట్టించి నవ్వుకునే మామయ్యలు, ‘నిన్ను చెత్తకుండీ దగ్గర తెచ్చుకున్నాం’ అనే పిన్నమ్మలు మనలో తక్కువవారు కారు. వారికి దురుద్దేశం లేదు. కాని రెండేళ్ళ బిడ్డకు హాస్యమేదో నిజమేదో తెలియదు. ఈ విషయంలో చలానిదే పైచేయి. సంప్రదాయం పేరుతో బూచిని కూడా కాపాడాలని ఎవరైనా అంటే ఒప్పుకోరాదు.

ఇక్కడ ఒక గట్టి మాట చెప్పక తప్పదు. మన ఇళ్ళలో ఇప్పుడు బిడ్డ ఏ భాషలో ఏమి వింటున్నదో ఒక్కరోజు చెవి పెట్టి వినండి. మెచ్చుకోలు ఇంగ్లీషులో. కథ ఇంగ్లీషులో. ‘ఎందుకు’ అన్న ప్రశ్నకు జవాబు ఇంగ్లీషులో. తెలుగులో మిగిలినవి రా, తిను, పడుకో, ముట్టుకోకు, నోరు మూసుకో. తెలుగు ఆజ్ఞల భాషగా, తిట్ల భాషగా మిగిలిపోతున్నది. తనను అదిలించే భాషను ఏ బిడ్డ ప్రేమిస్తుంది? పెద్దయిన తరువాత ‘మా పిల్లలు తెలుగు మాట్లాడరు’ అని సభలలో బాధపడతాము. నోరు మూసుకో అని మనమే చెప్పాము. వారు చెప్పినట్లే విన్నారు.

అందుచేత బిడ్డ మనసు వేరు, బిడ్డ భాష వేరు అని రెండు అధ్యాయాలుగా రాసే పుస్తకాలు మనకు చాలవు. భయపడిన బిడ్డ మాట్లాడదు. మాట్లాడని బిడ్డకు భాష రాదు. ఇవి రెండూ ఒకే తాడుకు రెండు కొసలు.

ఈ ఊరిలో మన వాటా

సింగపూరు బడిలో ఇంగ్లీషుతోపాటు ఒక మాతృభాష చదవాలి. మాండరిన్, మలాయి, తమిళం అధికార భాషలు. 1980 దశకం చివరలో ప్రభుత్వం తమిళేతర భారతీయుల కోసం బెంగాలీ, గుజరాతీ, హిందీ, పంజాబీ, ఉర్దూలకు చోటు కల్పించింది. ఆ ఐదింటిలో తెలుగు లేదు. మన బిడ్డలు తమిళమో హిందీయో చదువుకుంటున్నారు. అది వారికి మేలే, దానిని తక్కువ చేయనక్కరలేదు. 1975లో ఏర్పడిన సింగపూర్ తెలుగు సమాజం పండుగలలో, సభలలో మనలను ఒకచోట చేర్చుతున్నది. కాని ఏ సమాజమూ తొమ్మిది నెలల బిడ్డకు రాత్రి పూట జోకొట్టలేదు.

ఇంటి భాష ఎంత త్వరగా మారుతుందో లెక్కలు చెబుతున్నవి. ఇంట్లో ఎక్కువగా ఇంగ్లీషు మాట్లాడేవారు 2010 జనాభా లెక్కలలో నూటికి 32.3 మంది, 2020లో 48.3 మంది. 1979లో మొదలైన మాండరిన్ ప్రచారం తరువాత హొక్కియెన్, తియోచ్యూ మాట్లాడే అవ్వలకూ వారి మనుమలకూ మధ్య మాట కరువైన ఇళ్ళను మన పొరుగునే చూశాము. మన మీద ప్రచారమేదీ జరగలేదు. అయినా అదే స్థితి మనకూ వచ్చింది.

దీనికి ఒక కారణం సిగ్గు. ‘మాది తోట తెలుగు, అందులో తమిళం కలిసింది, మలాయి కలిసింది, ఇప్పుడు వచ్చినవారి తెలుగులాగా ఉండదు’ అని మన పెద్దవారు నోరు కట్టుకుంటున్నారు. తప్పు తెలుగు నేర్పడంకంటే మంచి ఇంగ్లీషు నేర్పడం నయమని అనుకుంటున్నారు. విశాఖ, శ్రీకాకుళం పల్లెల నుంచి వచ్చిన ఆ యాస తప్పు కాదు. పాలను ‘సూసు’ అన్నంతమాత్రాన తల్లి పాలు విరిగిపోవు. బిడ్డకు కావలసినది వ్యాకరణ శుద్ధి కాదు. తన ముఖంలోకి చూస్తూ, తడుముకోకుండా, మనసులోంచి వచ్చే మాట కావాలి. ఆ మాట మన పెద్దవారికి ఏ భాషలో వస్తుందో ఆ భాషలోనే లాలన సాగాలి.

కాబట్టి మనకు కావలసిన శిశుపోషణ పుస్తకం ఇంకా ఎవరూ రాయలేదు. అది అమ్మమ్మ, నాయనమ్మ చదివినా, చదివి వినిపించినా అర్థమయ్యే తెలుగులో ఉండాలి. తల్లినీ తండ్రినీ బోనులో నిలబెట్టకూడదు, వారి అలసట తెలిసినట్లు మాట్లాడాలి. బూచిని బయటికి పంపి, బుజ్జగింపును లోపల ఉంచాలి. యాసను వెక్కిరించకూడదు. అటువంటి పుస్తకానికి సరుకు మన ఇళ్ళలోనే, డెబ్బై ఎనభై ఏళ్ళ పెద్దల నోళ్ళలో ఉన్నది. మీ ఇంట్లో బిడ్డను నిద్రపుచ్చడానికి, అన్నం తినిపించడానికి, అలక తీర్చడానికి వాడిన మాటలను అడిగి రాసి పెట్టండి. ఈ పత్రికకు పంపితే అచ్చు వేద్దాము. అంతవరకూ ఆగనక్కరలేని పని కూడా ఒకటి ఉన్నది. ఈ రాత్రి బిడ్డ పేచీ పెడితే ‘పడుకో’ అని గదమాయించే బదులు, ‘నిద్ర వస్తున్నదా అమ్మా’ అని తెలుగులో అడిగి చూడండి.